వణుకు తగ్గింది, మతిమరుపు మొదలైంది

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి 67 ఏళ్ళు. చెవిలో ఎవరో తిడుతున్నారు అంటుంటే రిస్పెరిడోన్ రాశారు, అది తగ్గింది గానీ కొన్నాళ్ళకి చేతులు వణకడం, కాళ్ళీడుస్తూ నడవడం మొదలైంది. దానికి పాసిటేన్ 2 ఎంజీ పొద్దున, రాత్రి రాశారు. వణుకు పోయింది, ఇప్పుడేమో నోరెండిపోతోంది, మోషన్ అవ్వట్లేదు, పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతోంది. ఇది అల్జీమర్సా? పాసిటేన్ ఆపేయొచ్చా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అల్జీమర్స్ అని ఇప్పుడే బెంగపెట్టుకోకండమ్మా, ముందు అనుమానించాల్సింది పాసిటేన్‌నే. కదలికల్ని నడిపే మెదడు భాగంలో డోపమిన్, అసిటైల్‌కోలిన్ అని రెండు రసాయనాలుంటాయి, రిస్పెరిడోన్ డోపమిన్‌కి అడ్డుపడితే రెండోదాని జోరు పెరిగి వణుకు, బిగుసుకుపోవడం వస్తాయి, పాసిటేన్ ఆ రెండోదాన్ని అణుస్తుంది. చిక్కేంటంటే జ్ఞాపకశక్తికీ, నోట్లో తడికీ, పేగులు కదలడానికీ, ఒంటేలు సాఫీగా రావడానికీ కూడా అదే కావాలి. అందుకే పెద్ద వయసు పార్కిన్సన్స్ వాళ్ళకి కూడా ఈ మందు వీలైనంతవరకు రాయం.

కుర్రాళ్ళ సంగతి వేరు. రిస్పెరిడోన్ కోవకే చెందిన హాలోపెరిడాల్ అనే మందు ఇంజెక్షన్ చేశాక మెడ ఓ పక్కకి తిరిగిపోయి, కళ్ళు పైకి వెళ్ళిపోయి ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని హడలిపోతారే, అప్పుడు ఇదే రకం మందు ఇంజెక్షన్‌గా ఇస్తే కాసేపట్లో మెడ మామూలైపోతుంది. ఆ తర్వాత కొన్నాళ్ళకని రాసిన పాసిటేన్ మాత్ర ఏళ్ళ తరబడి చీటీలో అలాగే ఉండిపోవడమే నాకు నచ్చదు.

మీరు మాత్రం సొంతంగా ఆపకండి, ఒక్కసారిగా మానేస్తే వణుకు తిరగబెడుతుంది, వికారం, నిద్రపట్టకపోవడం కూడా ఉంటాయి. రిస్పెరిడోన్ అసలే ఆపొద్దు. రాసిన డాక్టర్‌నే రిస్పెరిడోన్ డోస్ తగ్గించొచ్చా, దాని బదులు క్వెటియాపిన్ లాంటి మరో మందుకి మార్చొచ్చా, పాసిటేన్ మెల్లగా తగ్గించొచ్చా అని అడగండి. వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల షీట్లన్నీ పట్టుకెళ్ళండి, కళ్ళు తిరగడానికి నెలల తరబడి వేసుకునే సిన్నరిజిన్, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ వల్ల కూడా ఇలాంటి వణుకు వస్తుంది, షాపులో అడిగి తెచ్చుకున్నవి ఎవరూ చెప్పరు మరి.

ఊరికే నోరు నమలడం, నాలుక ఆడించడం కనిపిస్తే అదీ చెప్పండి, దాన్ని పాసిటేన్ తగ్గించకపోగా పెంచుతుంది. ఒంటేలు ఆగిపోయినా, కన్ను ఎర్రబడి నొప్పి పుట్టి చూపు మసకబారినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఈ మందుతో చెమట సరిగ్గా పట్టదు, మీ ఖమ్మం ఎండలకి ఆవిడ్ని మధ్యాహ్నం బయటికి పంపకండి.