నరం తెగిందా, స్నాయువు తెగిందా?

సందేహం: మా నాన్నగారికి 62 ఏళ్లు. మెట్లు దిగుతుంటే మడమ వెనక ఫట్‌మంది. ఇంట్లో అందరం ‘నరం తెగింది’ అన్నాం. డాక్టరుగారు ‘టెండన్ సాగిపోయి కొంత తెగింది’ అన్నారు. అబ్బాయి సైన్సు పుస్తకంలో ‘స్నాయుబంధనం’ అని ఉంది. ఆయుర్వేదం చదివిన బంధువొకరు ‘కండర’ అనాలంటున్నారు. ఏది సరైన మాట? వయసు మీదపడితే నరాలు బిగుసుకుపోతాయంటారు కదా, బిగుసుకున్నది సాగిపోవడమేమిటి?

సమాధానం: ‘నరం’ తప్పు మాట కాదు. చాలా పాతది, చాలా విశాలమైనది. తమిళ నరంబు, కన్నడ నర, మలయాళ ఞరంబు దీని తోబుట్టువులే. ఒంట్లో తాడులా, తీగలా కనిపించిన ప్రతిదాన్నీ మనవాళ్లు నరమనే అన్నారు. తమిళులు యాళ్ వాద్యపు తంతిని కూడా నరంబన్నారు. గ్రీకుల ‘న్యూరాన్’ కూడా మొదట స్నాయువే (కండను ఎముకకు కట్టే తాడు, అంటే టెండన్), వింటినారే. మెదడు నుంచి కబురు మోసే తీగ, అంటే నాడి, అన్న అర్థం తరవాత వచ్చింది. సంస్కృత ‘స్నాయు’కూ ఆ గ్రీకు మాటకూ మూలం ఒకటే.

ఇంత విశాలమైన మాట ఇంట్లో సరిపోతుంది, ఆసుపత్రిలో సరిపోదు. గాజుపెంకు గుచ్చుకుని మణికట్టు తెగిందనుకోండి. రక్తం ఆగకపోతే తెగింది రక్తనాళం. వేలికి స్పర్శ తెలియకపోతే తెగింది నాడి. స్పర్శ ఉండి వేలు వంగకపోతే తెగింది స్నాయువు. మూడింటినీ మనం ‘నరం తెగింది’ అనే చెబుతాం. కుట్టే పద్ధతి, కోలుకునే గడువు మూడింటికీ వేరు. మందుచీటీ అనువాదంలోనూ ఇదే చిక్కు. సిప్రోఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్ మందులకు రెండు వేర్వేరు హెచ్చరికలున్నాయి: స్నాయువు తెగవచ్చు, నాడులు దెబ్బతినవచ్చు. మొదటి ముప్పు 60 దాటినవారికీ స్టిరాయిడ్లు వాడేవారికీ మరీ ఎక్కువ. రెండు చోట్లా ‘నరాలు’ అని రాస్తే ఒక హెచ్చరిక మాయమైనట్టే.

ఇక ‘కండర’. మీ బంధువు మాట సంస్కృతంలో అక్షరాలా నిజం. సుశ్రుతసంహితలో మాంసపు ముద్ద ‘పేశి’, గుండ్రటి స్నాయువు ‘కండర’. తెలుగులోకి వచ్చేసరికి ఆ పేరు తాడును వదిలి మాంసానికి అంటుకుంది. ఇప్పుడు కండరమంటే అందరికీ కండే, దాన్ని వెనక్కి లాగలేం. ‘స్నాయు’ ఇంకా తిరిగింది: బెంగాలీలో నాడి అయింది, మరాఠీలో కండరమైంది, హిందీ పాఠ్యపుస్తకాల్లో ఎముకను ఎముకతో కట్టే లిగమెంటు అయింది. తెలుగు పాఠ్యపుస్తకాలు కండను ఎముకకు కట్టేదాన్ని స్నాయుబంధనమనీ, ఎముకను ఎముకకు కట్టేదాన్ని సంధిబంధనమనీ విడదీశాయి. ఈ విభజన బాగుంది. రాతలో టెండన్‌కు ‘స్నాయువు’ చాలు, ‘బంధనం’ లేకపోయినా లోటు లేదు.

మీ రెండో ప్రశ్న మొదటిదానికన్నా విలువైనది. అందులోని వైరుధ్యాన్ని విప్పడానికి మన క్రియలే పనికొస్తాయి. ‘లాగితే సాగుతుంది’ అంటే మంచి గుణం. ‘నిక్కరు ఎలాస్టిక్ సాగిపోయింది’ అంటే ఇక పనికిరాదని. మధ్యలో చేరిన ‘పోవు’ తిరిగిరానితనాన్ని చెబుతుంది. ‘బిగువు’ మంచిదే, ‘బిగుసుకుపోవడం’ చెడ్డది. ఇంజనీర్లు రెండు పెద్ద మాటలతో చెప్పే తేడాను మనం ఒక్క ‘పోవు’తో చెప్పేస్తున్నాం.

స్నాయువును వర్ణించడానికి తాళ్లు పేనేవాళ్ల మాటలకు మించినవి లేవు. పీచు, పోగు, పేట, తాడు: కొలాజెన్ అనే ప్రోటీన్ పీచులు పోగులై, పోగులు పేటలై, పేటలు తాడవుతాయి. సుశ్రుతుడు కూడా స్నాయువులతో బిగిసిన శరీరాన్ని కట్లతో బిగించిన పడవతోనే పోల్చాడు. మడమ స్నాయువు సుమారు 15 సెంటీమీటర్లు. విశ్రాంతిలో పీచులు అలలు అలలుగా ఉంటాయి. 2 శాతం దాకా లాగితే ఆ అలలు సర్దుకుంటాయి. సుమారు 4 శాతం దాకా, అంటే 6 మిల్లీమీటర్ల దాకా, సాగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. అది దాటితే పీచులు విడుతుంటాయి. 8, 10 శాతం దగ్గర తాడే తెగుతుంది. తరచుగా తెగేది మడమ ఎముకకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన.

వయసుతో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. రక్తంలోని చక్కెర పీచుల మధ్య అడ్డుముడులు వేస్తుంది, మధుమేహం ఉంటే ఇంకా ఎక్కువ. పేటలు ఒకదానిమీద ఒకటి జారడం తగ్గుతుంది. ఇది బిగుసుకుపోవడం. అయినా, నడిచే మనిషిలో కొలిచి చూస్తే పెద్దవయసు స్నాయువు చాలాసార్లు అదే బరువుకు ఎక్కువ సాగుతుంది, బిగువు తగ్గుతుంది. పేటల మధ్య బిగుసుకుంది, తాడు మొత్తంగా వదులైంది. మీ పెద్దవాళ్ల మాటా నిజమే, డాక్టరుగారి మాటా నిజమే.

దెబ్బ తగిలాక అతుకు పడేది వరుసలేని పీచుతో. అతుకు దగ్గర తాడు లావుగా కనిపిస్తుంది, కానీ లావుకు తగిన బలం ఉండదు. పొడవుగా అతుక్కుంటే పిక్క ఎంత లాగినా మడమ లేవదు, మునివేళ్లమీద నిలబడలేరు. కదలకుండా ఉంచిన కొద్దీ స్నాయువు ఇంకా నీరసిస్తుంది. అందుకే డాక్టరు చెప్పిన వేళకు బరువు మోపించడం మొదలుపెట్టాలి. పూర్తిగా తెగిందో లేదో చూడటానికి రోగిని బోర్లా పడుకోబెట్టి, పాదం మంచం అంచు దాటి వేలాడేలా ఉంచి పిక్క నొక్కుతారు. మునివేళ్లమీద లేచినప్పటిలా పాదం వంగితే తాడు ఉన్నట్టు, కదలకపోతే తెగినట్టు.

మీ వాక్యం ఇలా రాయవచ్చు: ‘నాన్నగారి మడమ స్నాయువు సాగిపోయి కొన్ని పేటలు తెగాయి.’ ఇంట్లో ‘మడమ నరం’ అనుకోండి, ఇబ్బంది లేదు. ‘బెణికింది’ అని మాత్రం అనకండి. బెణికేది కీలు, దెబ్బతినేది అక్కడి సంధిబంధనం. ‘పిక్క పట్టేసింది’ అని కూడా వద్దు, పట్టేది కండ.