ఐదు సెషన్లయ్యాయి, ఇంకా ఎన్నాళ్లు?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగు నెలల క్రితం సైకియాట్రిస్టు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, నిలకడ లేకపోవడం ఉండే సమస్య) అని తేల్చి మందు రాశారు. ఏకాగ్రత కాస్త కుదిరింది గానీ పనులు వాయిదా వెయ్యడం, బిల్లులు మర్చిపోవడం, మీటింగులకు ఆలస్యంగా వెళ్లడం తగ్గలేదు. వారానికోసారి బిహేవియర్ థెరపీకి వెళ్తున్నాను. ఐదు సెషన్లయ్యాయి. మొదట్లో హుషారుగా ఉండేది, ఇప్పుడు డైరీ తెరవాలంటేనే విసుగు. ఇంకా ఎన్నాళ్లు పడుతుంది? మానేస్తే నష్టమా?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: ఇప్పుడే మానకండి. పెద్దవాళ్ల ఏడీహెచ్‌డీకి ఇచ్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల్నీ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే పద్ధతి) మామూలుగా 12 సెషన్లు, వారానికొకటి, ఒక్కోటి 50 నిమిషాలు. మధ్యలో పండగలు, ప్రయాణాలు, ఆఫీసు డెడ్‌లైన్లు వస్తాయి కాబట్టి మూడు నెలల కోర్సు నాలుగు నెలలు పట్టినా కంగారు పడక్కర్లేదు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో స్టీవెన్ సాఫ్రెన్ బృందం సరిగ్గా మీలాంటివాళ్ల మీద, అంటే మందు వాడుతున్నా లక్షణాలు మిగిలిపోయిన 86 మంది మీద, ఈ పద్ధతిని పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించింది. ఈ థెరపీ తీసుకున్నవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మందికి లక్షణాలు చెప్పుకోదగ్గంత తగ్గాయి. దాని బదులు రిలాక్సేషన్ (ఒళ్లూ మనసూ సడలించుకోవడం), ఏడీహెచ్‌డీ గురించిన వివరాలు నేర్చుకున్నవాళ్లలో మూడో వంతుకే ఆ మేలు కనిపించింది. థెరపీతో వచ్చిన మార్పు ఏడాది తర్వాతా నిలిచింది.

మీకింకా మార్పు తెలియకపోవడానికి కోర్సు వరసే ఒక కారణం. మొదటి నాలుగైదు సెషన్లు ఏడీహెచ్‌డీని అర్థం చేసుకోవడానికి, క్యాలెండరు, పనుల జాబితా అలవాటు చేసుకోవడానికి సరిపోతాయి. తర్వాత ధ్యాస చెదరకుండా పని చెయ్యడం, ఆపైన ‘నావల్ల కాదులే’ అనే ఆలోచనల్ని పట్టుకుని సరిచెయ్యడం నేర్పుతారు. మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్న వాయిదా సంగతి చాలావరకు చివర్లో వస్తుంది. పైగా కొత్త డైరీ, కొత్త యాప్ ఇచ్చే ఉత్సాహం రెండు మూడు వారాలకు మించదు. కొత్తదనం పోగానే ఆసక్తి జారిపోవడం ఏడీహెచ్‌డీలో ఉన్నదే, దాన్ని మీ బద్ధకం కింద రాసుకోకండి. విసుగ్గా ఉన్నా డైరీ తెరవగలగడమే ఈ దశలో మీరు నేర్చుకోవాల్సింది.

డైరీ బరువెక్కడానికి మాకు తరచూ కనిపించే కారణాలు రెండు. ఫోన్లో ఒక జాబితా, గోడ మీద ఒకటి, ఆఫీసు మెయిల్లో ఇంకొకటి పెట్టుకుంటే మూడింటి మీదా నమ్మకం పోతుంది. ఒకటే ఉంచండి. పొద్దున మాత్ర వేసుకున్న వెంటనే ఐదు నిమిషాలు దాన్ని చూడండి. రెండోది, పనిని మరీ పెద్దగా రాయడం. ‘ఇన్‌కం ట్యాక్స్ రిటర్ను’ అని రాస్తే అది నెలంతా అక్కడే ఉంటుంది. ‘ఆఫీసు పోర్టల్ నుంచి ఫారం 16 దించుకోవాలి’ అని రాస్తే ఇవాళే అయిపోతుంది. పనిలో ఒక్కో ముక్క ఎంత ఉండాలో మీ ధ్యాసే చెబుతుంది. విసుగు పుట్టించే పని ఒకటి మొదలుపెట్టి, మనసు మళ్లేసరికి ఎన్ని నిమిషాలైందో గడియారం చూసి రాసుకోండి. మూడు నాలుగు సార్లు చూశాక 12 నిమిషాలు తేలిందనుకోండి, పనుల్ని పది పన్నెండు నిమిషాల ముక్కలు చెయ్యండి. మధ్యలో ‘గ్యాస్ బుక్ చెయ్యాలి’ అని తడితే పక్కన కాగితం మీద రాసేసి ముక్క పూర్తి చెయ్యండి. ఆ కాగితం సంగతి తర్వాత.

ఫలితాన్ని అనిపించడాన్ని బట్టి కొలవకండి. వారంలో ఎన్ని మీటింగులకు ఆలస్యమయ్యారు, ఎన్ని బిల్లులు గడువు దాటాయి, ఈ రెండూ లెక్కపెట్టండి. ఏడీహెచ్‌డీ లక్షణాలు ఎంతున్నాయో కొలిచే ఏఎస్ఆర్ఎస్ అనే 18 ప్రశ్నల పట్టికను మొదట్లో నింపి ఉంటారు, ఇప్పుడు మళ్లీ అడిగి నింపండి. ఏడెనిమిది సెషన్లకు ఏ అంకే కదలకపోతే థెరపిస్టుతో ఆ మాటే సూటిగా అనండి. ప్రతి సెషన్ గత వారం హోంవర్క్ చూడటంతో మొదలుకావాలి. కబుర్లతో గడిచిపోతుంటే అది ఈ థెరపీ కింద లెక్కకు రాదు.

డిప్రెషన్, ఆందోళన, నిద్రలేమి తోడైతే కోర్సు 12 సెషన్లు దాటొచ్చు. కోర్సు అయ్యాక నెలకొకటి చొప్పున మూడు నుంచి ఆరు బూస్టర్ సెషన్లు (నేర్చుకున్నది మర్చిపోకుండా చేసేవి) పెట్టుకోవడం మంచిది. అంతకు మించి లాగితే ఎక్కువ మేలు జరుగుతుందనే హామీ లేదు. జర్మనీలో 433 మందితో ఏడాది పాటు నడిచిన గ్రూప్ థెరపీ పరీక్షలో (2015) డాక్టరు విడిగా ఇచ్చే మామూలు సలహాల కంటే గ్రూపు ఎక్కువేమీ సాధించలేదు. అదే పరీక్షలో డమ్మీ మాత్ర కంటే మందు మాత్రం బాగా పనిచేసింది. కాబట్టి డాక్టరును అడక్కుండా మందు ఆపకండి.

ప్రశ్న: మా జగిత్యాలలో ఇలాంటి థెరపిస్టు దొరకలేదు. ఆన్‌లైన్లో చేస్తే పనిచేస్తుందా?

జవాబు: చెయ్యొచ్చు. క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో, పెద్దవాళ్ల ఏడీహెచ్‌డీ చూసిన అనుభవం ఉందో లేదో ముందే అడగండి. సెషన్‌కు ముందురోజే మీ జాబితా ఫొటో పంపండి, లేకపోతే స్క్రీన్ మీద మాటలతోనే సమయం అయిపోతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడి, దగ్గర్లో వైద్యం ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవచ్చు. అయితే 12 వారాల కోర్సు అక్కడ జరగదు.