పిన్ పార్వతికి వెళ్తున్న మేనల్లుడికి

నాన్నా,

నువ్వు హిమాచల్‌లో పార్వతి లోయ నుంచి స్పితి లోయకు దాటే పిన్ పార్వతి పాస్ ట్రెక్‌కి వెళ్తున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. చెప్పడానికి కాదు, నా మీద విరుచుకుపడడానికి. ఈ కొండల పిచ్చి వాడికి నీ వల్లే అంటుకుంది అన్నాడు. ఫోన్ పెట్టేశాక సంతోషం పట్టలేకపోయాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

జనం లేని దారి ఎంచుకున్నందుకు నిన్ను ఒక్క మాట అనను. కానీ ఒకటి ఆలోచించు. రద్దీ ఉన్న దారిలో మనకేమైనా అయితే ఎవరో ఒకరు చూస్తారు. పక్క టెంట్‌లో డాక్టరు ఉండొచ్చు, కిందికి దిగే గుర్రం దొరకొచ్చు. ఖీర్‌గంగా దాటాక వాటి మీద ఆశ పెట్టుకోకు. ఫోన్ సిగ్నల్ మీద అసలే వద్దు. ఎవరైనా శాటిలైట్ ఫోన్ ఇస్తామన్నా అనుమతి లేకుండా పట్టుకెళ్లకు, మన దేశంలో అది నేరం.

సామాను గురించి నీకు పెద్దగా చెప్పక్కర్లేదు. కొత్త షూస్ అయితే ఇప్పటి నుంచే వేసుకుని తిరుగు. స్లీపింగ్ బ్యాగ్, పొడి బట్టలు ప్లాస్టిక్ కవర్లో కట్టు. మంచు మీద నల్లద్దాలు తియ్యకు. వాగులు పొద్దున్నే దాటాలి, ఎండెక్కేకొద్దీ పైన మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి. దాటేటప్పుడు బ్యాగ్ నడుము బెల్టు విప్పెయ్యి. పాస్ దగ్గర గ్లేసియర్ మీద మంచు కప్పిన పగుళ్లు ఉంటాయి. అక్కడ గైడ్ తాడు కట్టుకోమంటే మారు మాట్లాడకు.

ఇక నీ ప్లాన్. మీ నాన్న వాట్సాప్‌లో పంపాడు, చూశాను. నాకు నచ్చలేదు. ఖీర్‌గంగా 2,950 మీటర్ల దగ్గర ఉంటుంది, మంతలాయి సరస్సు 4,100 దగ్గర. నువ్వు రెండే రోజుల్లో అక్కడికి చేరాలనుకుంటున్నావు. 3,000 మీటర్లు దాటాక, నిన్న పడుకున్న చోటికి, ఈ రోజు పడుకునే చోటికి 500 మీటర్లకు మించి తేడా ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి పూర్తిగా ఆగాలి. పాస్ ఎత్తు 5,319 మీటర్లు. అక్కడ ఊపిరి పీలిస్తే దొరికే ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర దొరికేదాంట్లో సగం కంటే కాస్తే ఎక్కువ. నువ్వు రోజూ పదేసి కిలోమీటర్లు పరిగెత్తినా అది మారదు. బాగా దృఢంగా ఉన్నవాళ్లే తొందరపడి ఎక్కి పడిపోతుంటారు.

నేను అలాంటి మనిషిని చూశాను. ఆ దారిలోనే. మా అందరికంటే ముందు నడిచేవాడు, ఎవరి బ్యాగ్ బరువైతే వాళ్లది అందుకునేవాడు. మంతలాయి దగ్గర ఆ సాయంత్రం అన్నం వద్దన్నాడు. ఎండ తగిలిందిలే అన్నాడు. తలనొప్పి ముందురోజు నుంచే ఉందని, మాకు తెలియకుండా మాత్రలు మింగుతున్నాడని తర్వాత బయటపడింది. ఆ మాత్రలు నొప్పిని తగ్గించాయి గానీ లోపల జరుగుతున్నదాన్ని ఆపలేదు.

పొద్దున్న టెంట్ బయట కూర్చుని షూ లేసు రెండు కొసలూ చేతుల్లో పట్టుకుని వాటినే చూస్తున్నాడు. ముడి ఎలా వెయ్యాలో తెలియడం లేదు. గైడ్ అతన్ని లేపి, ఒక కాలి మడమకు ఇంకో కాలి వేళ్లు ఆనిస్తూ గీత మీద నడవమన్నాడు. రెండో అడుగుకే పక్కకు తూలాడు. ఎత్తుకు మెదడు వాచిందని గైడ్‌కి అర్థమైపోయింది. టీమ్‌లో ఒకరు కాసేపు పడుకోబెట్టి చూద్దాం అన్నారు. గైడ్ వినలేదు. మెదడు వాపు తగ్గించే డెక్సామెథసోన్ మందు ఇచ్చి వెంటనే కిందికి నడిపించాడు. పాండు పుల్ నీకు ఫోటోల్లో అందంగా కనబడి ఉంటుంది. నది మీద అడ్డంగా పడిన పెద్ద బండలే అక్కడ వంతెన. తూలుతున్న మనిషికి ముందొకరు, వెనకొకరు తాడు పట్టుకుని ఆ బండలు దాటించాం. కింద పార్వతి హోరులో ఒకరి మాట ఒకరికి వినబడలేదు. బాగా దిగాక మమ్మల్ని పేర్లు పెట్టి పిలిచాడు. అప్పటిదాకా నేను ఏడవలేదు.

ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగాను. నా ఒక్కడి వల్ల అందరి ట్రెక్ పాడవుతుందని, అన్నాడు.

నాన్నా, నువ్వూ అలాంటివాడివే. ఒళ్లు కాలిపోతున్నా స్కూల్ టూర్ ఆగిపోతుందని అమ్మకు చెప్పకుండా బస్సెక్కిన పిల్లాడివి. అందరూ నవ్వుకుంటూ చెప్పుకున్నారు గానీ నాకు ఇప్పటికీ నవ్వు రాదు. కొండ మీద తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం ఏదొచ్చినా ఆ సాయంత్రమే గైడ్‌కి చెప్పు. అవి తగ్గేదాకా ఒక్క అడుగు పైకి వెయ్యకు. కూర్చున్నా ఆయాసం వస్తుంటే, నడక తూలుతుంటే తెల్లారేదాకా ఆగకూడదు, కాళ్లలో సత్తువ ఉండగానే దిగాలి. ఎత్తుకు వచ్చే జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర సంగతి వెళ్లేముందు డాక్టర్‌ని అడుగు, సల్ఫా మందులు పడవంటే అది కూడా చెప్పు.

వాతావరణం మారినా అంతే. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ ట్రెక్‌కి కర్ణాటక నుంచి వెళ్లినవాళ్లలో 9 మంది వాతావరణం మారి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ వార్త చదివిన రోజు నీకే ఫోన్ చేశాను, గుర్తుందా? ఊరికే చేశానన్నాను.

ఎటు నుంచి వెళ్లాలన్నది సరిగ్గానే ఎంచుకున్నావు. స్పితి వైపు ముధ్ ఊరే 3,700 దాటి ఉంటుంది, అటు నుంచి మొదలుపెడితే ఒంటికి అలవాటు పడే టైమ్ ఉండదు. పార్వతి లోయ వైపు బర్షైణీ నుంచే నడువు. కాకపోతే రెండు రోజులు కలుపు. ఆఫీసులో సెలవు దొరకదంటే వచ్చే ఏడు వెళ్లు, పాస్ ఎక్కడికీ పోదు.

మార్చిన ప్లాన్, ఏ రాత్రి ఎక్కడ ఉంటారో, గైడ్ నంబర్, స్పితిలోని కాజా చేరి ఫోన్ చెయ్యాల్సిన ఆఖరి తేదీ ఒక కాగితం మీద రాసి నాకు పంపు. అది చేతికి వచ్చాక మీ నాన్నతో నేను మాట్లాడతాను.

అత్త