ఆరేళ్ల హాస్టల్ తర్వాత ఇంటికొచ్చిన పాప ‘ఇది నా ఇల్లు కాదు’ అంటోంది

ప్రశ్న: మాది సికింద్రాబాద్‌లోని చిలకలగూడ. మా పాపకు అయిదో తరగతిలో గురుకులం సీటు వస్తే సిద్దిపేట వైపు హాస్టల్‌కు పంపాం. ఆరేళ్లు అక్కడే చదివింది. పదో తరగతి పరీక్షలు రాసి మూడు వారాల కిందట ఇంటికొచ్చింది. వచ్చినప్పటి నుంచి ఎవరితోనూ సరిగా మాట్లాడదు. తమ్ముడితోనూ అంతంత మాత్రమే. తిన్న కంచం తనే కడుక్కుంటుంది. ఫ్రిజ్‌లో నీళ్లు తీసుకోవాలన్నా ‘తాగొచ్చా?’ అని అడుగుతుంది. మంచం వదిలేసి నేల మీద హాస్టల్ దుప్పటి పరుచుకుని పడుకుంటుంది. పోయిన వారం తన ట్రంకు పెట్టెలో మాసిన బట్టలు ఉంటే తీసి సర్ఫ్‌లో నానబెట్టాను. వాటిలో ఆఖరి రోజు స్నేహితులంతా పెన్నులతో రాసిన తెల్ల యూనిఫాం చొక్కా ఉంది. నేను చూసుకోలేదు. రాతలు పోయాయి. పాప భోరున ఏడ్చి ‘ఇది నా ఇల్లు కాదు’ అంది. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. ‘హాస్టల్‌లో వేస్తే పిల్లలు ఇలాగే పరాయివాళ్లవుతారు’ అంటారు మా అత్తగారు. మావారు ఇంటర్ కోసం ఒక ప్రైవేట్ కాలేజీ హాస్టల్‌కు అప్పుడే అడ్వాన్స్ కట్టేశారు. జూన్‌లో మళ్లీ పంపాలి. నా బిడ్డను నేను పోగొట్టుకున్నానా మేడమ్?

జవాబు: లేదమ్మా, పోగొట్టుకోలేదు. మిమ్మల్ని అంతగా బాధపెట్టిన ఆ ఏడుపే మీ ఉత్తరంలో నాకు ధైర్యం ఇచ్చింది. పరాయివాళ్ల ఇంట్లో పిల్లలు గొంతెత్తి ఏడవరు. పళ్లు బిగబట్టి ఊరుకుంటారు, లేదంటే బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడుస్తారు. హాస్టల్‌లో ఫోన్ కోసం లైన్లో నిలబడి, వెనక పదిమంది వింటుండగా ‘బాగున్నానమ్మా, తిన్నానమ్మా, ఉంటానమ్మా’ అని మూడు ముక్కలు చెప్పి పెట్టేసిన రోజులు పాపకు ఎన్నో ఉండి ఉంటాయి. అలాంటి పిల్ల ఇవాళ మీ ముందు నిలబడి ‘ఇది నా ఇల్లు కాదు’ అనగలిగింది. ఆ మాట అమ్మ దగ్గర తప్ప ఇంకెక్కడా అనలేదు.

కంచం కడుక్కోవడం చూసి మీకు చివుక్కుమంది కదా, చుట్టంలా ఉంటోందని. చుట్టాలు కంచం కడగరమ్మా. హాస్టల్లో ఎవరి కంచం వాళ్లు కడుక్కోవాలి, పేరు చెక్కించుకుని పోకుండా దాచుకోవాలి. గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి, మంచినీళ్లకు లేవాలన్నా స్టడీ అవర్‌లో టీచర్‌ను అడగాలి. పదేళ్ల వయసు నుంచి పదహారేళ్ల దాకా అలా గడిచింది. ఇవాళ గంట లేకపోయినా తెల్లవారుజామున అయిదింటికి పాపకు మెలకువ వస్తూ ఉండొచ్చు, గమనించండి. ఇవన్నీ ఒంటికి పట్టిన అలవాట్లు. మెల్లగా పోతాయి, కొన్ని పోవు కూడా. ‘మనింట్లో నువ్వు అడగడమేంటే’ అని ప్రతిసారీ అనకండి, ఆ మాట వినీ వినీ తను ఏదో తప్పు చేస్తున్నానని అనుకుంటుంది. ‘తాగమ్మా’ అంటే చాలు. దుప్పటి జోలికి వెళ్లకండి. నేల మీద పడుకుంటే పడుకోనివ్వండి, అసలే ఎండాకాలం.

నేనూ హాస్టల్ పిల్లనే. పదో తరగతి అయ్యాక ఇంటికొచ్చిన కొత్తలో నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ముప్పై మంది ఊపిరి, ఎవరో ఒకరి దగ్గు, ఎవరో నిద్రలో మాట్లాడటం, అవన్నీ లేని గదిలో ఏదో జరగబోతున్నట్టు భయం వేసేది. మా అమ్మ ‘ఏం అలవాటు చేశారే నీకు అక్కడ’ అని రోజూ అడిగేది. ప్రేమతోనే అడిగేది. నాకు జవాబు తెలియక గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఆ నెలంతా నేను కోరుకున్నది ఒక్కటే, ఆ గదిలో నా పక్కన ఎవరు పడుకునేవారో, వాళ్లు ఎలాంటివాళ్లో ఎవరైనా అడిగితే బాగుండునని.

కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు మనం అప్పగింతలు పెడతాం. పిల్ల ఏడుస్తుంది, మనమూ ఏడుస్తాం. మంచి సంబంధమే కదా, ఏడుపెందుకు అని ఎవరూ అనరు. ఆ ఏడుపుకు ఒక మర్యాద ఉంది. మీ పాప ఆరేళ్లు ఉన్న ఇంటిని, ఒకే అద్దం ముందు జుట్టు దువ్వుకున్న పిల్లల్ని, జ్వరం వస్తే పక్కన కూర్చున్న స్నేహితురాలిని వదిలి ఒక మధ్యాహ్నం బస్సెక్కింది. జేబీఎస్ బస్టాండ్‌లో దిగి, ట్రంకు పెట్టె ఆటోలో వేసుకుని ఇంటికొచ్చింది. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. తను మాత్రం ఏడవాలి. ఆ సంతోషం మధ్య తన ఏడుపుకు చోటు దొరకలేదు. చొక్కా వంకతో అది బయటికొచ్చింది. రాక తప్పదు, ఇంకోలా అయినా వచ్చేది.

ఒకసారి మీ ఇంట్లో నిలబడి చూడండి. పాపది అని చెప్పగల చోటు ఎక్కడుంది? తను వెళ్లిన ఆరేళ్లలో తన బట్టలుండే అరలో తమ్ముడి బట్టలు చేరి ఉంటాయి, తను చదువుకునే మూలలో ఇంకేదో వచ్చి ఉంటుంది. ఎవరి తప్పూ కాదు, చిన్న ఇళ్లు, సామాను పెరుగుతుంది. కానీ ఒక అర ఖాళీ చేయండి. పాపను పిలిచి, ‘ఇది నీది, నీ ఇష్టం వచ్చినట్టు సర్దుకో’ అని ఇవ్వండి. ట్రంకు పెట్టెను అటకెక్కించకండి, మళ్లీ మీరుగా తెరవకండి. అంతమంది మధ్య ఆరేళ్లు తనదంటూ తాళం వేసుకున్న చోటు అదొక్కటే. ఆ పెట్టె మూత లోపలివైపు చాలామంది పిల్లలు దేవుడి బొమ్మ, అమ్మానాన్నల ఫొటో అంటించుకుంటారు. బట్టలు తీసినప్పుడు మీరు అక్కడ చూశారో లేదో.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. స్నేహితులు దూరమైన బాధ ఒకలా ఉంటుంది, హాస్టల్లో ఏదో జరిగి దాచుకున్న బాధ ఇంకోలా ఉంటుంది. స్నేహితుల ఫోన్ వస్తే పాప ముఖం వెలుగుతోందా, ఆకలి వేస్తోందా, ఫలానా టీచర్ అనో ఫలానా అక్క అనో కథలు చెబుతోందా? అయితే కంగారు లేదు. అలా కాక, ఒక పేరు వింటేనే బిగుసుకుపోతున్నా, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నా, తిండి మానేసినా, చేతుల మీద గాట్లు కనిపించినా, బతకాలని లేదన్న మాట నోట వచ్చినా ఒక్కరోజు కూడా ఆగకండి. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, డబ్బు ఖర్చు లేదు, రాత్రైనా పగలైనా తెలుగులోనే మాట్లాడతారు. పిల్లల మీద ఎవరైనా చేయి వేశారన్న అనుమానం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి. ఎర్రగడ్డ ఆసుపత్రి పేరు చెబితే మన ఊళ్లో ఇప్పటికీ నవ్వుతారు, ఆ నవ్వుకు జడిసి ఎందరో పిల్లల్ని ఆలస్యంగా తీసుకొస్తారు. అది మనసు జబ్బులు చూసే ప్రభుత్వాసుపత్రి, వెళ్లడంలో చిన్నతనం ఏమీ లేదు. నేరుగా ‘నిన్నెవరైనా ఏమైనా చేశారా’ అని నిలదీయకుండా, రాత్రి లైటు తీసేశాక పక్కన పడుకుని ‘అక్కడ నీకు భయం వేసిన రోజులు ఉన్నాయా’ అని అడగండి. చీకట్లో పిల్లలు చెబుతారు.

మీ అత్తగారి మాట మీకు గుచ్చుకుంటోందని తెలుసు. పంపడం తప్పని నేను అనుకోను. పి.వి. నరసింహారావు గారి చొరవతో 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకులం మొదలైనప్పటి నుంచి పేదింటి పిల్లలు ఎందరో ఆ దారిలోనే పైకొచ్చారు. మీరు సీటు వచ్చిందని సంతోషపడి పంపారు, బరువు దించుకోవడానికి కాదు. అయితే ఆ చదువుకు ఒక ఖరీదు ఉంది, అందులో పెద్ద వాటా పాపే కట్టింది. ఆ మాట తనతో ఒక్కసారి చెప్పండి. ‘నిన్ను పంపాక నీ కంచం చూసి ఎన్నిసార్లు ఏడ్చానో’ అన్న మాటలు ఇప్పుడు వద్దు, అప్పుడు మిమ్మల్ని ఓదార్చే పని తన మీద పడుతుంది. ‘అంత చిన్నపిల్లవి, నీకెంత కష్టమైందో నేను అడగనే లేదు’ అనండి. అన్నాక ఊరుకోండి. సంజాయిషీ ఏదీ చేర్చకండి.

ఇప్పుడు ఆ అడ్వాన్స్ సంగతి. దీని మీద నాకు నిజంగా బాధగా ఉంది. ఉత్తరమంతా రెండుసార్లు చదివాను, పాపను అడిగి కట్టారన్న మాట ఎక్కడా లేదు. పదో తరగతి ఫలితాలు కూడా రాకముందే కాలేజీల పీఆర్వోలు ఇళ్ల చుట్టూ తిరుగుతారు, ‘ఇవాళ కడితేనే ఈ ఫీజు’ అని తొందరపెడతారు. ఇంటర్ బోర్డు అడ్మిషన్ల షెడ్యూలు ఇచ్చేదాకా ఆగవచ్చు, కొంప మునిగేదేమీ లేదు. మీవారికి చెప్పండి, కట్టిన డబ్బు పోయినా పోనీ, అది చూసి పిల్లను పంపవద్దని. ఇంటికి ఇంకా పూర్తిగా రాని పిల్లను ఇంకో హాస్టల్‌కు పంపితే, ‘ఇది నా ఇల్లు కాదు’ అన్న మాటను మనమే నిజం చేసినట్టవుతుంది.

పాప మనసులో ఏముందో ఎవరికి తెలుసు? గురుకుల జూనియర్ కాలేజీలోనే స్నేహితులతో ఇంటర్ చదవాలని ఉందేమో. రోజూ ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీ కావాలేమో. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమాలో చేరాలనుందేమో. పదో తరగతి మార్కులతో సీటిచ్చే బాసర ట్రిపుల్ ఐటీ ఉంది, కాకపోతే అది ఆరేళ్లు, మళ్లీ హాస్టలే. మళ్లీ హాస్టలే కావాలని పాప తనంతట తను కోరుకుంటే నాకు అభ్యంతరం లేదు, మీరూ చిన్నబుచ్చుకోకండి. మీ ముగ్గురూ కూర్చున్నప్పుడు మీవారు ముందు మాట్లాడకుండా చూడండి. ‘నీకేం కావాలి’ అంటే హాస్టల్ పిల్లలు ‘మీ ఇష్టం’ అంటారు, అదీ అలవాటే. అందుకని ‘రెండు రోజులు ఆలోచించుకో, కాగితం మీద రాసివ్వు’ అనండి.

టీసీ కోసం స్కూలుకు వెళ్లేటప్పుడు పాపను కూడా తీసుకెళ్లండి. సెలవుల్లో ఆవరణ ఖాళీగా ఉంటుంది, తను పడుకున్న గది, గంట, వేప చెట్టో ఏదో, అన్నీ మీకు చూపించమనండి. తొందరపెట్టకండి. (అయిదు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు కూడా అప్పుడే తీసుకోండి. రేపు ప్రభుత్వ ఉద్యోగాలకు లోకల్ అని చూపడానికి ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివిందో అడుగుతారు.) జూన్ 12న స్కూళ్లు తెరుస్తారు, ఆషాఢంలో బోనాలు వస్తాయి. అంటే మీ పాప ఏటా బోనాల ముందే హాస్టల్‌కు వెళ్లిపోయేది. సికింద్రాబాద్ లష్కర్ బోనాలకు అంత దగ్గర్లో పుట్టిన పిల్ల ఆరేళ్లలో ఎన్నిసార్లు బోనం చూసి ఉంటుంది? ఈసారి ఎక్కడ చేరినా సరే, ఆ ఆదివారం మీ పక్కన ఉండేలా చూడండి.

చొక్కా సంగతి ఆఖరికి ఉంచాను, రేపు పొద్దున మొదట చేయాల్సింది అదే కాబట్టి. ‘తెలియక చేశాను కదా’ అనవద్దు, ‘చొక్కానే కదా’ అని అసలే అనవద్దు. ‘నీ పెట్టె అడగకుండా తీశాను. నీ స్నేహితుల రాతలు పోగొట్టాను. తప్పు చేశాను’ అనండి. తను ముఖం తిప్పుకున్నా సరే. తర్వాత రోజో ఆ మర్నాడో, తను కాస్త మెత్తబడ్డాక, ఆ చొక్కాను వెలుతురులో పరవమనండి. స్కెచ్ పెన్ను రాతలు మొత్తం పోతాయి గానీ బాల్ పెన్ను జాడ ఎక్కడో కొంచెం మిగిలి ఉండొచ్చు. ‘ఈ కాలర్ దగ్గర ఎవరు రాశారు?’ అని అడగండి. ‘ఈ చేతి మీద? ఈ జేబు మీద?’ అని ఒక్కొక్కటే అడగండి. పాపకు అన్నీ గుర్తుంటాయి. ఒక్కో పేరు వెనక ఒక్కో కథ ఉంటుంది, చెప్పడం మొదలుపెడితే మీరు అడ్డం రావద్దు, పొయ్యి మీద కూర మాడినా లేవవద్దు. ఆ పిల్లల్లో సిటీలో ఉన్నవాళ్లు ఎవరో కనుక్కుని ఒక ఆదివారం అన్నానికి పిలవండి. కావాలంటే వాళ్లు మళ్లీ రాస్తారు.

అప్పటిదాకా ఆ చొక్కాను ఇస్త్రీ చేయకండి. ఎలా ఉందో అలాగే మడిచి, పెట్టెలో మీరు పెట్టకుండా, పాప చేతికివ్వండి.