వరుస బేసి సంఖ్యలకు కూడా రెండే ఎందుకు కలపాలి?

వరుస సరి సంఖ్యలు ఎక్స్, ఎక్స్+2, ఎక్స్+4 అయినప్పుడు బేసి సంఖ్యలు ఎక్స్+1, ఎక్స్+3, ఎక్స్+5 కావాలి కదా అని అడిగారు. మా అమ్మాయి ఏడో తరగతిలో సరిగ్గా ఇదే పేచీ పెట్టింది. “రెండు సరి సంఖ్య కదా నాన్నా, బేసికి దాన్నెలా కలుపుతాం?”

మేముండేది హైదరాబాద్‌లోని అత్తాపూర్. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా సాగే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే అనే పొడవాటి ఫ్లైఓవర్ కిందే మా రాకపోకలన్నీ. ఇల్లెక్కడంటే వీధి పేరు కాదు, పిల్లర్ నంబరు చెబుతాం. ఒక సాయంత్రం స్కూటర్ 143 దగ్గర ఆపి, దీని తర్వాతి బేసి పిల్లర్ ఏదన్నాను. 145 అంది. ఎన్ని పిల్లర్లు ముందుకెళ్లాలి? రెండు. మరి 144 నుంచి 146కి? కాసేపు మాట్లాడలేదు. తర్వాత “అక్కడా రెండే” అంది.

ఆ 2 కేవలం దూరం. సరా, బేసా అన్నది బయలుదేరిన పిల్లర్‌ను బట్టి, అంటే ఎక్స్‌ను బట్టి ఉంటుంది. మీరు రాసిన ఎక్స్+1, ఎక్స్+3, ఎక్స్+5 కూడా తప్పు కాదు, కాకపోతే అక్కడ ఎక్స్ సరి సంఖ్య అయి ఉండాలి. చివర్లో ఆ ఒకటి కలపడం మరిచిపోయి మార్కులు పోగొట్టుకునేవారే ఎక్కువ.

ఇంకో తమాషా ఉంది. మూడు వరుస బేసి సంఖ్యల మొత్తం 78 అని ఇస్తే 3ఎక్స్+6=78, ఎక్స్=24 వస్తుంది. 24 బేసి కాదు కాబట్టి అలాంటి సంఖ్యలే లేవు. సమీకరణానికి సరి, బేసి తెలియవు, అది మనమే చూసుకోవాలి. మొత్తం 75 అయితే మూడుతో భాగించండి, నడిమి సంఖ్య 25 దొరుకుతుంది. అటు 23, ఇటు 27. నాకైతే ఈ దారే ఇష్టం.

ప్రశ్నలో “పూర్ణ సంఖ్యలు” అని ఉంటే మాత్రం జాగ్రత్త. పూర్ణాంకాలు సున్నాతో మొదలవుతాయి, పూర్ణ సంఖ్యల్లో రుణ సంఖ్యలు కూడా ఉంటాయి. పేర్లు ఇంత దగ్గరగా ఎందుకు పెట్టారో! −5 తర్వాతిది −4, −6 కాదు. లిఫ్టులో రెండో సెల్లార్ నుంచి ఒక అంతస్తు ఎక్కితే మొదటి సెల్లార్ వచ్చినట్టే. ఇక్కడ సరి, బేసి లేవు కాబట్టి ఒక్కొక్కటే కలుపుతాం: నాలుగు వరుస పూర్ణ సంఖ్యల మొత్తం −2 అంటే 4ఎక్స్+6=−2, ఎక్స్=−2. మా అమ్మాయి ఇక్కడిదాకా చక్కగా చేసి, జవాబు −2, −1, 1, 2 అని రాసింది. గ్రౌండ్ ఫ్లోర్‌లో లిఫ్టు ఆగలేదన్నమాట!