జెండర్ స్టడీస్ చేస్తే ఉద్యోగం వస్తుందా?

"మా అమ్మాయి బీఏ ఫైనలియర్. హిస్టరీ, పొలిటికల్ సైన్స్ చదువుతోంది. పీజీలో జెండర్ స్టడీస్ చేస్తానంటోంది. చుట్టాలంతా బీఎడ్ చేయించమంటున్నారు. మాది చిన్న కిరాణా కొట్టు. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది." – ఒక తల్లి, ఖమ్మం జిల్లా

అమ్మా, మీ భయంలో న్యాయం ఉంది. అందుకే కష్టమైన మాట ముందే చెబుతాను. జెండర్ స్టడీస్ అంటే సమాజంలో ఆడ, మగ తేడాల గురించి చదవడం. ప్రభుత్వ ఉద్యోగమే కావాలంటే ఈ పట్టా ఒక్కటే సరిపోదు. స్త్రీ శిశు సంక్షేమ శాఖ నోటిఫికేషన్లు చూడండి. అర్హతల దగ్గర ఎక్కువగా సోషియాలజీ, సోషల్ వర్క్, హోం సైన్స్ అనే ఉంటుంది. పాఠాలు దాదాపు అవే చదివినా, సర్టిఫికెట్ మీద పేరు వేరైతే దరఖాస్తు దగ్గరే ఆగిపోవచ్చు.

అలాగని ఇది పనికిరాని చదువు కాదు. ఉదాహరణకు, 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి, 1995లో మద్యనిషేధం దాకా వెళ్లింది. కూలి డబ్బు ఇంటికి రాకుండా ఎటు పోయేది, ఆ ఆడవాళ్లు ఏ కులాల వాళ్లు, అక్షరాలు నేర్చుకోవడానికీ ఈ తిరుగుబాటుకూ సంబంధం ఏమిటి? ఇలాంటివి లెక్కలతో, ఊళ్లలో తిరిగి తేల్చుకోవడమే ఈ చదువు. మీ అమ్మాయికి ఇది నచ్చిందంటే నాకు సంతోషంగా ఉంది.

ఉద్యోగాలు ఎక్కువగా స్వచ్ఛంద సంస్థల్లో, పరిశోధన ప్రాజెక్టుల్లో ఉంటాయి. మొదట్లో చాలావరకు ఏడాది, రెండేళ్ల కాంట్రాక్టులే. పదిమంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. దాంతో శిక్షణ ఇచ్చేవాళ్లకు పని పెరిగింది. లెక్చరర్ పోస్టులకు అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో ఉమెన్ స్టడీస్ వేరే సబ్జెక్టుగానే ఉంది. ఆ పరీక్షలో మంచి మార్కులతో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే పీహెచ్‌డీ మొదట్లో నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది. కానీ ఈ డిపార్ట్‌మెంట్లే తక్కువ కాబట్టి లెక్చరర్ పోస్టులూ తక్కువే.

ఈ రంగంలో నిలబడేది ఎవరంటే, పొద్దున డ్వాక్రా గ్రూపుతో కూర్చుని తెలుగులో మాట్లాడి, సాయంత్రం ఆ వివరాలను పట్టికలుగా మార్చి ఇంగ్లీషులో రిపోర్టు రాయగలిగినవాళ్లు. కాలేజీ ఎంచుకునేటప్పుడు కూడా ఇదే చూడండి. సిలబస్‌లో పరిశోధన పద్ధతులు, స్టాటిస్టిక్స్, ఫీల్డ్‌వర్క్ లేకపోతే ఆ కోర్సు వద్దు, పేరు ఎంత గొప్పగా ఉన్నా సరే.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ముంబైలోని టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్), ఢిల్లీలోని అంబేద్కర్ యూనివర్సిటీ, తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీ... ఈ విషయం మీద ఏళ్లుగా పనిచేస్తున్నవే. ఈ ఏడాది ఏ కోర్సు నడుస్తోందో ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. ఇంటి దగ్గరే ఉండి చదవాలంటే ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ (ఇగ్నో)లో దూరవిద్య ఉంది. ప్రైవేటు యూనివర్సిటీలో లక్షల ఫీజు కట్టడానికి మాత్రం అప్పు చేయకండి. మొదటి జీతాలతో ఆ అప్పు తీరదు.

మీ ఇంటి పరిస్థితికి నా సలహా ఇది. ఏదైనా సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ సోషియాలజీ గానీ సోషల్ వర్క్ గానీ చేసి, ఎలెక్టివ్‌గా జెండర్ పేపర్లు తీసుకోవడం మేలు. తనకు ఇష్టమైనది చదివినట్టూ ఉంటుంది, నోటిఫికేషన్ల దగ్గర దారీ మూసుకుపోదు. పరిశోధనే చేస్తానని గట్టిగా అంటే అప్పుడు జెండర్ స్టడీస్‌కే పంపండి, అడ్డు చెప్పకండి. బీఎడ్ ఎక్కడికీ పోదు, తర్వాతైనా చేయొచ్చు.

ఆ గట్టిదనం తెలియాలంటే, ఈ సెలవుల్లో మీ ఊరి మహిళా సంఘం మీటింగులకు ఓ నెల వెళ్లమనండి. అక్కడ విన్నది పది పేజీలు రాయమనండి. సెంట్రల్ యూనివర్సిటీల్లో పీజీ సీట్లకు రాసే ఉమ్మడి ప్రవేశ పరీక్ష, సీయూఈటీ పీజీ దరఖాస్తులు మామూలుగా చలికాలంలో మొదలవుతాయి. అప్పుడు ఆ పది పేజీలు ముందు పెట్టుకుని, మీరిద్దరూ కలిసి కోర్సుల లిస్టు రాయండి.