చూసుకునేవారికి ప్రభుత్వం ఏమిస్తుంది?

ప్రశ్న: మేం మల్కాజిగిరిలో ఉంటాం. మా అత్తగారికి 74 ఏళ్లు. అల్జీమర్స్ అని న్యూరాలజిస్టు రెండేళ్ల క్రితం చెప్పారు. గ్యాస్ వెలిగించి మరిచిపోవడం, తలుపు తీసుకుని వీధిలోకి వెళ్లిపోవడం మొదలయ్యాక నేను టీచరు ఉద్యోగం మానేశాను. నెలకు 19 వేలు వచ్చేవి. మావారి జీతం 62 వేలు. పగటిపూట ఆయాను పెడదామంటే 18 వేలు అడుగుతున్నారు. మామగారికి పింఛను లేని ఉద్యోగం. మరిది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, పండక్కి వచ్చి తల్లికి చీర పెట్టి వెళతాడు. లండన్‌లో ఉన్న మా చిన్నాన్న కూతురికి తన అత్తగారిని చూసుకుంటున్నందుకు అక్కడి ప్రభుత్వం డబ్బిస్తోందట. ఇక్కడ అలాంటిదేమీ లేదా? వైకల్య ధ్రువపత్రం కోసం వెళితే ‘మతిమరుపుకు ఇవ్వం’ అని పంపేశారు.
— ఒక కోడలు

జవాబు: అమ్మా, చేదు మాట ముందే చెప్పేస్తాను. డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) ఉన్నవారిని ఇంట్లో చూసుకునే కుటుంబ సభ్యులకు నెలనెలా డబ్బిచ్చే పథకం తెలంగాణలో లేదు. మీరు వదులుకున్న 19 వేలను ఏ కార్యాలయమూ లెక్కలోకి తీసుకోదు. ఇది అన్యాయమని నేను నమ్ముతున్నాను. దేశంలో 60 దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. వారిలో చాలామంది ఇంటి ఆడవాళ్ల చేతుల మీదుగానే బతుకుతున్నారు.

కేరళలో ‘ఆశ్వాసకిరణం’ అనే పథకం ఉంది. మంచం పట్టినవారిని రోజంతా చూసుకునే ఇంటి మనిషికి నెలకు 600 రూపాయలు. చాలా చిన్న మొత్తమే, అయినా చూసుకోవడం కూడా ఒక పని అని ఒక రాష్ట్రం కాగితం మీద ఒప్పుకుంది. మన దగ్గర అడగడానికీ ఆధారం ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్, ఎక్కువ సహాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం కూడా పథకాల్లో ఉండాలని రాష్ట్రాలకు చెబుతోంది. కలెక్టరేట్ ప్రజావాణిలో ఈ సెక్షన్ పేరు రాసి అర్జీ ఇవ్వండి. రసీదు తీసుకోండి.

మీ చెల్లెలి సంగతికి వస్తే, బ్రిటన్‌లో కూడా వారానికి కనీసం 35 గంటలు చూసుకోవాలి, అంతకన్నా ముందు జబ్బు మనిషికి ఒక వైకల్య భత్యం మంజూరై ఉండాలి. అంటే అక్కడైనా, ఇక్కడైనా తలుపు తెరిచేది రోగి చేతిలోని కాగితమే. మీకు నిరాకరించింది సరిగ్గా ఆ కాగితాన్నే.

‘మతిమరుపుకు ఇవ్వం’ అన్నది తప్పు. చట్టంలోని 21 వైకల్యాల్లో డిమెన్షియా అనే పేరు కనిపించదు, నిజమే. కానీ ‘మానసిక అనారోగ్యం’ నిర్వచనం చదవండి: ఆలోచన, భావోద్వేగం, గ్రహింపు, దిక్కు-కాలం తెలియడం, జ్ఞాపకశక్తి, వీటిలో తీవ్రమైన లోపం వల్ల రోజువారీ జీవితం దెబ్బతినడం. జ్ఞాపకశక్తి అక్కడే ఉంది. ఈ నిర్వచనం ప్రింటు తీసి ఫైలులో పెట్టుకుని మళ్లీ దరఖాస్తు చేయండి. పరీక్షించాల్సింది మానసిక వైద్యులు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వెళ్లమంటే వెళ్లండి. ఆ పేరు వినగానే బంధువులు ముఖం చిట్లిస్తారని చాలామంది ఆగిపోతారు. మీరు ఆగవద్దు.

అక్కడ ‘ఇడియాస్’ అనే కొలమానంతో లెక్కిస్తారు. తన పని తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, చెప్పింది అర్థం చేసుకోవడం, ఇంటిపనో బయటిపనో చేయగలగడం, ఈ నాలుగింటికీ విడివిడిగా మార్కులు వేస్తారు. జబ్బు ఎంతకాలంగా ఉందన్నదీ లెక్కలోకి వస్తుంది, కాబట్టి రెండేళ్ల నాటి మొదటి చీటీ తప్పక తీసుకెళ్లండి. మొత్తం కనీసం 40 శాతం రావాలి.

నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలో సామాజిక కార్యకర్తగా పనిచేశాను. ఇలాంటి పరీక్ష గదుల్లో జరిగేది చెబుతాను. పెద్దావిడకు శుభ్రంగా తలదువ్వి, మంచి చీర కట్టి తీసుకొస్తారు. డాక్టరు ‘భోంచేశారా అమ్మా?’ అంటే ఆవిడ నవ్వి ‘పప్పూ చారూ తిన్నాను నాయనా, మీరు తిన్నారా?’ అంటుంది. పొద్దుటి నుంచి ఆవిడ నోట్లో ముద్ద పడి ఉండదు. పక్కనున్న కొడుకు పరువు కోసం ‘బాగానే ఉంటుందండీ’ అంటాడు. అంతే, మార్కులు తగ్గిపోతాయి. రాత్రి ఎన్నిసార్లు లేచారు, బాత్రూముకు దారి తెలుసా, స్నానం ఎవరు చేయించారు, మిమ్మల్ని ఏ పేరుతో పిలిచారు, ఒక నెలపాటు తేదీలతో రాసుకోండి. గదిలో మీరే మాట్లాడండి. రోజూ చూసేది మీరు, మీ వారు కాదు.

ఆ కాగితంతో ఏమొస్తుంది? ఆసరా పింఛను మీ ఆదాయానికి దక్కదు. పేద కుటుంబాల్లో మాత్రం తేడా పెద్దది, వృద్ధాప్య పింఛను 2,016 అయితే దివ్యాంగులకు 4,016. ఇది చదువుతున్న ఏ ఇంటికైనా వర్తిస్తే ఆలస్యం చేయకండి.

పన్ను రాయితీల గురించి మీకు చాలామంది చెబుతారు. కొత్త పన్ను విధానంలో మీవారి జీతానికి అసలు పన్నే పడదు, దాని కోసం తిరగవద్దు. మరిది సంగతి వేరు. ఆయన పాత విధానంలో పన్ను కడుతూ, తల్లి ప్రధానంగా తన మీదే ఆధారపడేలా ఖర్చు భరిస్తే, 80డీడీబీ సెక్షన్ కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చును ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు. ఈ సెక్షన్ వర్తించే జబ్బుల జాబితాలో డిమెన్షియా పేరు స్పష్టంగా ఉంది. 40 శాతం వైకల్యం, డీఎం న్యూరాలజీ చదివిన డాక్టరు చీటీ ఉండాలి. 30 శాతం శ్లాబులో ఉంటే 31,200 మిగులుతుంది. (2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి, ఆడిటరును అడగమనండి.) ఈ మాట, నెల ఖర్చుల పట్టికతో సహా, ఆయనకు పంపండి. ఆయా జీతం, డైపర్లు, మందులతో పాటు మీరు మానేసిన జీతం కూడా ఒక వరుసలో రాయండి. కొడుకులందరికీ బాధ్యత ఉందని 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం చెబుతుంది. ఆర్డీవో ట్రిబ్యునల్ నెలకు 10 వేల దాకా ఇప్పించగలదు. అక్కడిదాకా వెళ్లకుండానే తెమిలితే మేలు, కానీ చట్టం ఉందని ఆయనకు తెలియాలి.

70 దాటినవారికి ఆదాయంతో పని లేకుండా 5 లక్షల ఆయుష్మాన్ భారత్ కార్డు 2024 నుంచి ఇస్తున్నారు. ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది, ఆయాకూ రోజువారీ మాత్రలకూ ఇవ్వరు. అయినా తీసి పెట్టుకోండి. రాత్రి నిద్ర లేక మీకే తట్టుకోలేనట్టు అనిపిస్తే 14416కు ఫోను చేయండి, అది టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి, ఉచితం.

ప్రశ్న: మా నాన్నగారు రిటైర్డ్ ఉద్యోగి, 81 ఏళ్లు. సంతకం మరిచిపోయారు. జీపీఏ (ఆయన తరఫున వ్యవహరించే అధికార పత్రం) రాయించుకుంటే పింఛను తీసుకోవచ్చా?
— కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: వద్దు బాబూ. రాసిచ్చేవారికి మతి స్థిమితం పోతే జీపీఏ చెల్లదు. రాసేటప్పుడే అర్థం కాకపోతే అది మొదటి నుంచీ చెల్లదు. బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చిన నిబంధన వేరే ఉంది. సంతకం చేయలేని పింఛనుదారు వేలిముద్ర వేయవచ్చు, ఇద్దరు సాక్షులు కావాలి, వారిలో ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి అయి ఉండాలి. మేనేజరుకు ఇది రాతపూర్వకంగా ఇవ్వండి. లైఫ్ సర్టిఫికెట్ కోసం నాన్నగారిని వరుసలో నిలబెట్టనక్కర్లేదు, 70 రూపాయలకు పోస్టుమ్యాన్ ఇంటికే వచ్చి తీసుకుంటారు. ఆస్తి అమ్మకం లాంటి పెద్ద విషయాలుంటే సంరక్షకుడిగా నియమించమని హైకోర్టును ఆశ్రయించాలి. ఆ పనికి వకీలును ఇప్పుడే కలవండి.